అమ్మ నిద్రపోయిన గంట

అమ్మ నిద్రపోయింది. బాదం చెట్టు కింద తువ్వాలు పరిచి, చేతి గడియారం తీసి సంచిలో వేసి, "ఒక్క నిమిషం నడుం వాలుస్తానే, తర్వాత అన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం" అని పక్కకి తిరిగింది, అంతే, ఆ మాట పూర్తయ్యీ కాకుండానే నోరు కొంచెం తెరుచుకుంది, ఊపిరి బరువెక్కింది. ఆ ఒక్క నిమిషం అయిపోతుందేమోనని నేను చాలాసేపు చూశాను. నీడ ఆమె మోకాళ్ల దాకానే ఉంది, పాదాలు ఎండలో ఉన్నాయి, మడమలు పగిలి అంచులు తెల్లబడ్డాయి. ఓడలో తాను నడిచేదంతా మెత్తటి తివాచీల మీదేనని ఫోనులో చెప్పేది, తివాచీల మీద నడిచే మనిషికి మడమలెందుకు పగులుతాయి? అమ్మమ్మ పాదాలూ ఇలాగే ఉంటాయి, ఎస్టేటులో ఎండబెట్టిన కోకో గింజల మధ్య ముప్పై ఏళ్లు కాళ్లీడ్చుకుంటూ అటూ ఇటూ నడిచి, వాటిని పాదాలతోనే తిరగేసి తిరగేసి, ఆ పగుళ్లలోకి చేరిన ఎరుపు ఎంత రుద్దినా పోలేదు. నా పాదాలు ఇంకా నున్నగానే ఉన్నాయి. వాటిని ఇసుకలోకి దూర్చేశాను. ఫోనులో పన్నెండూ ఇరవై. ఒకటిన్నరకి లేపాలి, ఒకటిన్నరకి లేవకపోతే ఓడ అందదు. ఆ లెక్క చెప్పింది నేనే, అది తప్పుడు లెక్కని తెలిసిందీ నాకే.

తలెత్తితే ఓడ కనిపిస్తుంది. నీళ్లకి అవతల, పట్నం కొండకి ఆనించి పెట్టిన తెల్లటి బీరువాలా ఉంది, కోట కంటే ఎత్తు, చర్చి గోపురం కంటే ఎత్తు, దానికి వందల అరలు. అందులో పదహారు అరలు అమ్మవి. రోజుకి రెండుసార్లు వాటిని తెరవాలి, పక్కలు మార్చాలి, స్నానాల గదులు కడగాలి, రాత్రికి తువ్వాళ్లని మడిచి మంచం మీద ఏనుగులూ కోతులూ చేసి కూర్చోబెట్టాలి. కోతి అన్నిటికంటే కష్టమని ఒకసారి చెప్పింది, తల నిలబడదట. మా కొండ మీది సరస్సు దగ్గర నిజం కోతులే ఉన్నాయి, ఓడ జనం వాటిని చూడ్డానికి వ్యానుల్లో మా ఇంటి ముందు నుంచే వెళ్తారు, మలుపు దగ్గర నెమ్మదించినప్పుడు అరుగు మీది అమ్మమ్మని ఫొటో తీస్తారు. అమ్మమ్మ అరుగు మీదికి రావడం మానేసి రెండు నెలలైంది. అయినా వ్యాన్లు ఆ మలుపులో ఇప్పటికీ నెమ్మదిస్తాయి, వాళ్లు మా ఖాళీ కుర్చీని ఫొటో తీసుకుని వెళ్తారు.

పొద్దున రేవు గేటు బయట సిల్వాన్ మామ వాళ్లనే అరిచి పిలుస్తున్నాడు, "జలపాతమా, బీచా? కోతులా, ఇసకా? రండి రండి, కోతులు మిమ్మల్ని చూసి చాన్నాళ్లైంది!" మామ అమ్మకి పినతల్లి కొడుకు, వ్యాను నడుపుతాడు, అందరితోనూ మాట్లాడతాడు, నాతో కూడా. నేను గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంటే నవ్వాడు.

"ఏమే అవెరిల్, గేటుకి అతుక్కుపోయావ్? ఇంకా బోలెడు టైముంది."

"పదకొండు కావస్తోంది మామా. పదిన్నరకి వస్తానంది."

"నీ పదకొండు, వాళ్ల పది. అదిగో ఆ పలక చూడు. ఈ ఓడ అమెరికా రేవు నుంచి టైముని కూడా మూటగట్టుకొస్తుంది, ఇక్కడికొచ్చినా విప్పదు. ఊరి గడియారం చూసుకుని కొండ దిగినోళ్లంతా చేసే తప్పే ఇది. నేను ఓడలో పనిచేసే రోజుల్లో మా నాన్న కూడా చేశాడు, గంటసేపు ఎండలో మాడి, ఓడలోంచి నన్ను తోసేశారనుకుని ఏడ్చాడు."

ఆ పలక మీద, కాపలా మనిషి బల్ల పక్కన, పెద్ద అక్షరాలతో ఓడ టైము రాసి ఉంది. నేను రోజూ బడికెళ్లే దారిలో ఇలాంటివి ఏవీ ఉండవు. మామకి ఆరుగురు దొరికారు, అందరూ జలపాతమే అన్నారు, ఎక్కించుకుని వెళ్లిపోతూ కిటికీలోంచి అరిచాడు, "మీ అమ్మ రాగానే పైకెళ్లే బస్సెక్కేయండి! చరియ విరిగిపడ్డ చోట చుట్టూ తిరగాలి, గంటంపావు పడుతుంది, అయినా సరిపోతుంది. ముసలామె తెల్లారకుండానే తయారై కూచుంది, తెలుసుగా."

తెలుసు. తయారు చేసింది నేనే. తెల్లగౌను, చర్చికి వేసుకునేది, భుజాల దగ్గర వదులైపోయింది, రెండు పిన్నులు పెట్టాను. కళ్లు పూర్తిగా పోయాయి గదా, అద్దం బదులు నన్ను అడుగుతుంది, "ఎలా ఉన్నానే?" అని. బాగున్నావు అన్నాను. ఒక్క మాటే అన్నాను, నాకు రెండో మాట రాదు, అవెరిల్ జాజికాయ నోట్లో పెట్టుకుని పుట్టింది, ఉమ్మేస్తే గానీ మాట రాదు అని మామ అంటాడు, బడిలో టీచరు గట్టిగా చెప్పు అంటుంది, గట్టిగా చెప్తే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు, అందుకని నోట్సులో రాసుకుంటాను, ఇప్పుడూ సంచిలో ఉంది, అమ్మకి చెప్పాల్సినవి నంబర్లు వేసి పదకొండు రాసుకొచ్చాను. అమ్మమ్మ మంచం పక్కన నన్ను కూర్చోబెట్టుకుని కోకో ఉండని తురిమించింది, దాల్చినచెక్క వేయించింది, జాజికాయ మాత్రం తనే గీస్తానని పట్టుబట్టి వేళ్లు గీరుకుంది. "మీ అమ్మకి, మర్లీన్‌కి, జాజికాయ ఎక్కువైతే పడదు. చిన్నప్పట్నించీ అంతే, ఎక్కువైందే అని మూతి ముడుస్తుంది" అంది. మరిగించి ఫ్లాస్కులో పోసి చేతికిస్తే ఊపి చెవి దగ్గర పెట్టుకుని విని, నిండిందో లేదో చూసుకుంది. "దారిలో తాగుతుంది. కొండెక్కేసరికి ఆకలేస్తుంది." నర్సు పోయిన వారం వచ్చి వెళ్తూ తలుపు బయట నాతో చెప్పింది, రావాల్సినవాళ్లెవరైనా ఉంటే రమ్మను, ఈస్టర్ దాకా ఆగకండి అని. నాకు పదిహేనేళ్లు, ఆ మాట చెప్పడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆ ఫ్లాస్కు నా సంచిలోనే ఉంది. తీయలేదు. తీస్తే ఎవరిచ్చారని అడుగుతుంది, అడిగితే కొండ గుర్తొస్తుంది.

అమ్మ గేటులోంచి వచ్చినప్పుడు ముందు నేను ఆమెని దాటి వెనక ఉన్నావిణ్ని చూశాను. వెనకావిడ లావుగా, పొడుగ్గా ఉంది, నా లోపలి అమ్మ అంతే ఉంటుంది. ముందున్నావిడ నా భుజం దాకా ఉంది, జుట్టు లాగి ముడేసుకుంది, పంతొమ్మిది నెలల్లో నేను పెరిగానా ఆమె తగ్గిందా తెలియదు. కౌగిలించుకుంటే బ్లీచింగు వాసన. పేరు పలక ఇంకా రొమ్ము మీదే ఉంది, అది నా మెడకి గుచ్చుకుంది. "ఎంతసేపుంది అమ్మా?" అన్నాను, అదొక్కటే గట్టిగా అన్నాను. "రెండింటికల్లా గేటు లోపలుండాలి. ఈ ఓడ మళ్లీ ఇటు రాదటే, వచ్చే వారం నుంచి వేరే సముద్రానికి పంపిస్తున్నారు. నాకు అక్టోబరు దాకా సెలవు లేదు. చెప్పు, పైకి వెళ్లి రాగలమా?" రెండు అంటే ఓడ రెండు. మాకు మూడు. మూడున్నర గంటలకి పైగా ఉంది, పైకి గంటంపావు, కిందికి గంటంపావు, మధ్యలో గంట మిగులుతుంది. గంటలో ఏం జరుగుతుందో కూడా ఆ క్షణంలోనే కనిపించింది నాకు, ఇల్లు నిండా జనం, పక్కింటివాళ్లు, చర్చివాళ్లు, అమ్మమ్మ మంచం పక్కన అమ్మ మోకాళ్ల మీద, నన్ను వంటింట్లోకి పంపిస్తారు, అవెరిల్ కప్పులు తే, అవెరిల్ సీమపనస కాల్చు, నేను కప్పులు తెచ్చేసరికి గంట అయిపోతుంది, నా పదకొండూ నా నోట్సులోనే ఉంటాయి. ఫోను తీసి చూపించాను. పదకొండూ ఇరవై. "రెండింటికే అయితే అందదమ్మా, చరియ విరిగిపడింది, రానూ పోనూ రెండున్నర గంటలు, మనం ఎక్కీ దిగీ" అన్నాను. నా నోట్లోంచి అంత పొడుగు మాట రావడం నాకే ఆశ్చర్యం. అమ్మ తన చేతి వంక ఒకసారి చూసుకుంది, ఓడ వంక చూసింది, "అయితే బీచికే పోదాం" అంది.

మోటారు పడవలో వస్తున్నప్పుడు నీళ్లు మొహాన కొట్టాయి, అమ్మ నవ్వింది, నేను గెలిచాననుకున్నాను.

ఇప్పుడు పన్నెండూ నలభై. రెండు తువ్వాళ్ల అవతల ఓడ జనంలోని ముసలి జంట గొడుగు కింద పోట్లాడుకుంటోంది, ఆయన అంటున్నాడు, "జలపాతానికి పోదామంటే విన్నావు కాదు, అందరూ అటే పోయారు." ఆవిడ మొహం మీంచి టోపీ తీయకుండానే, "రేపటి దీవిలోనూ ఒకటుంటుందిలే జలపాతం, ఎక్కడైనా పైనించి కిందికే పడుతుంది" అంటోంది. "నిన్నా ఇదే మాటన్నావ్." "నిన్నా నేను చెప్పిందే నిజమైంది." ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్లకి రేపటి దీవి ఉంది. వాళ్ల గది అమ్మ పదహారింటిలో ఒకటి కావచ్చు, ఈ రాత్రి వాళ్ల మంచం మీద కోతి కూర్చుంటుంది, వాళ్లకి రెండు తువ్వాళ్ల దూరంలో నిద్రపోతున్నది ఎవరో వాళ్లకి తెలియదు. అమ్మ వేళ్లు కదులుతున్నాయి, నిద్రలోనే తువ్వాలు అంచుని లోపలికి మడుస్తున్నాయి, మడిచి, అరచేత్తో సాపు చేసి, మళ్లీ మడుస్తున్నాయి. నేను మెల్లగా ఆ చెయ్యి మీద నా చెయ్యి పెట్టాను. ఆగింది. తీస్తే మళ్లీ మొదలైంది.

సుగంధాల దండలు అమ్మే ఆవిడ వచ్చింది, చేతి నిండా వేలాడదీసుకుని. "దండ తీసుకోమ్మా, జాజికాయ, జాపత్రి, లవంగం..." అని నా మొహం చూసి ఆగిపోయింది. "ఓసి, ఈ మట్టిదానివేనా! మన జాజికాయ మనకే అమ్మబోయాను చూడు. ఎవరు, అమ్మా? ఓడలో పనా?"

తలూపాను.

"చూస్తేనే తెలుస్తోందిలే. ఓడలో డబ్బు కట్టినోళ్లు బీచికొస్తే ఈత కొడతారు, పని చేసేటోళ్లు బీచికొస్తే గురక పెడతారు. వారానికి నలుగుర్ని చూస్తా. లేపకు పాపం. ఏ ఊరు మీది?"

"పైన. సరస్సుకి ఇవతల."

"అబ్బో, అంత పైనించా! మరి ఇంటికి తీసుకుపోకపోయావా? అక్కడ మంచం మీద పడుకునేది, ఈ ఇసకలో ఏంటి?"

"టైము లేదు" అన్నాను. రెండోసారి చెప్పేసరికి అబద్ధం నునుపెక్కింది, నోట్లో ఏమీ గీసుకోలేదు. ఆవిడ సరేలే అన్నట్టు చెయ్యి ఊపి ముసలి జంట దగ్గరికి వెళ్లింది, వాళ్లు రెండు దండలు కొనుక్కుని మెడలో వేసుకున్నారు, నవ్వుకుంటూ ఫొటో తీసుకున్నారు, ఆ వాసన ఇక్కడి దాకా వచ్చింది, ఇంట్లో వాసన, అమ్మమ్మ వేళ్ల వాసన. అమ్మ నిద్రలో ముక్కు ఎగబీల్చింది, కనుబొమలు దగ్గరికొచ్చాయి, మూతి ముడిచింది. ఎక్కువైందే అన్నట్టు. లేస్తుందనుకున్నాను. లేవలేదు.

అమ్మ మొదటిసారి ఓడకి వెళ్లినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అదే గేటు. నేను అమ్మ జాకెట్టు గుండీ పట్టుకున్నాను, ఎంత చెప్పినా వదల్లేదట, అమ్మమ్మ వెనక నుంచి లాగింది, అమ్మ ముందుకి లాక్కుంది, గుండీ ఊడి నా గుప్పిట్లో ఉండిపోయింది. నీలం రంగుది, నాలుగు రంధ్రాలు. నోట్సు అట్టకి కుట్టుకున్నాను. అమ్మ ఆ రోజంతా ఓడలో ఆ చోట పిన్ను పెట్టుకుని పనిచేసిందట. పదకొండింటిలో గుండీ సంగతి ఏడోది. మొదటిది లెక్కల పరీక్ష. నాలుగోది ఒంటి సంగతి, అమ్మమ్మకి చెప్పాను గానీ అమ్మకి చెప్పలేదు. పదకొండోది చిట్టచివర రాశాను, చిన్న అక్షరాలతో, ఎవరైనా తీసి చదువుతారేమోనని.

ఒంటిగంటా పది. నీడ జరిగింది, ఇప్పుడు ఆమె పాదాల మీద కూడా ఉంది, మొహం మీద మాత్రం ఆకుల సందులోంచి ఎండ చుక్కలు పడుతున్నాయి. నేను కదిలి నా నీడ అడ్డం పెట్టాను. పైన తెల్లగౌనులో అమ్మమ్మ తలగడలకి ఆనుకుని కూర్చుని ఉంటుంది, పడుకుంటే గౌను నలుగుతుందని పడుకోదు, ప్రతి బస్సు చప్పుడికీ తల తిప్పుతుంది, మలుపులో నెమ్మదించేవన్నీ వ్యాన్లే, మాకోసం ఏదీ ఆగదు. నేను ఇక్కడ కూర్చుని ఆవిడ గంటని నిద్రపుచ్చుతున్నాను. ఆవిడ దగ్గర్నుంచి లాక్కుని తెచ్చుకున్న గంట నాకేమైనా పనికొచ్చిందా అంటే అదీ లేదు, అది నా ముందు ఇసుకలో నోరు తెరుచుకుని పడుకుని ఉంది. ఇప్పుడు లేపి నిజం చెప్పినా లాభం లేదు, ఓడ రెండింటికి ఇంకా గంటా యాభై నిమిషాలే, పైకి వెళ్లడానికే సరిపోతుంది, కిందికి రావడానికి కాదు. లేపకపోతే ఇంకో గంట నిద్రపోవచ్చు, కానీ ఆ గంట ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాలి. చెప్పకుండా ఉండాలంటే ఒకటిన్నరకే లేపాలి, నిద్ర పాడుచెయ్యాలి. అబద్ధం ఒకసారి చెప్తే చాలదు, దాని టైముకి దానికి తిండి పెట్టాలి.

వంగి ఆమె చెవి దగ్గర అన్నాను, గాలి కంటే చిన్నగా, నేను ఎప్పుడూ మాట్లాడేలాగే. "అమ్మమ్మ పోయాక నేనెక్కడుండాలమ్మా?"

పదకొండోది అదే. కనురెప్ప అదిరింది. నేను వంగితే మళ్లీ పడ్డ ఎండ చుక్క వల్ల కావచ్చు.

ఒకటిన్నర అయింది. అయ్యాక కూడా మూడు నిమిషాలు ఆగాను. తర్వాత భుజం మీద చెయ్యి వేశాను. "అమ్మా, లే. ఒకటిన్నరైంది. వెళ్లాలి." అమ్మ కళ్లు తెరవలేదు. నా చెయ్యి లాక్కుని బుగ్గ కింద పెట్టుకుంది, నిద్రలోనే, చిన్నపిల్లలా గునుస్తూ, "ఇంకా గంటుంది కదే... పడుకోనీ" అంది.

కెరటం వచ్చింది, పోయింది. నా చెయ్యి ఆమె బుగ్గ కింద అలాగే ఉంది, ఆ బుగ్గ బిగుసుకోవడం నా అరచేతికి తెలిసింది. ఏమందో తనకీ వినిపించింది. కళ్లు తెరిచింది. ఓడ వైపు చూసింది.

"గేటు దగ్గర నువ్వు లెక్క చెప్తుంటే నా గడియారం చూసుకున్నానే" అంది, లేచి కూర్చోకుండానే. "పదీ ఇరవై ఉంది. నీకూ తెలుసు, కదూ?"

తలూపాను.

"నువ్వన్న మాట నాకు బాగుందనిపించింది. పైకి వద్దని నేనే అనాల్సొస్తుందేమోనని భయపడుతూ దిగాను, నువ్వనేశావు." ఇసుక పిడికిట్లోకి తీసుకుని వదిలింది. "మీ అమ్మమ్మ చెయ్యి పట్టుకుంటుందే. చూపు లేదు కదా, వదలదు. విడిపించుకుని రావాలి. ఒకసారి చేశాను ఆ పని, నీతో. మళ్లీ నా వల్ల కాదు."

నేను సంచిలోంచి ఫ్లాస్కు తీశాను. ఎవరిచ్చారని అడగలేదు. మూత తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూసింది. పెదవి దాకా తీసుకెళ్లింది. ఆగింది. మూత బిగించి, బాగా బిగించి, నా ఒళ్లో పెట్టింది. "తాగితే ఇక గేటు లోపలికి వెళ్లలేను" అంది. "నువ్వు తాగు."

ఇంకా గంట ఉంది. ఆ గంటలో ఏం మాట్లాడుకున్నామంటే, లెక్కల పరీక్ష గురించి. పడవ నడిపేవాడి టోపీ గురించి. అమ్మ నా జుట్టు విప్పి మళ్లీ అల్లింది, వేళ్లు తువ్వాలు మడిచినట్టే చకచకా కదిలాయి. మూడింటికి గేటు దగ్గర ఓడలోని చిన్న సబ్బులు ఒక మూట ఇచ్చింది, సంచి తనిఖీ బల్ల మీద పెట్టి, చేతులు రెండూ చాచి నిలబడింది, కాపలా మనిషి ఆమె చంకల కింద తడిమి చూశాడు, పలక మీద ఓడ టైము రెండు.

బస్సు సగం ఖాళీ. సిల్వాన్ మామ సాయంత్రం ఇంటికొస్తాడు, ఆయనకి ఓడ టైము తెలుసు, ఆయన్తో ఏం చెప్పాలో నాకు తెలియదు. అమ్మమ్మతో ఏం చెప్పాలో తెలుసు. వెళ్లగానే ఫ్లాస్కు అడుగుతుంది, ఊపి చెవి దగ్గర పెట్టుకుంటుంది. అందుకని చరియ విరిగిపడ్డ చోట బస్సు ఆగినప్పుడు మూత తీశాను. చల్లారిపోయింది, పైన కోకో నూనె బిళ్లకట్టింది, వేలితో పక్కకి తోసి తాగాను, ఆపకుండా. అడుగున పొడి మిగిలింది. అదీ వేలితో తీసి నాకేశాను. తాగింది అమ్మమ్మా, అంతా తాగింది అంటాను. ఒక్క మాటే అంటే నమ్మదు. జాజికాయ కొంచెం ఎక్కువైందంది, మూతి ముడిచింది అని కూడా చెప్పాలి.